గీతకు పైన షేడ్ చేసిందెవరు?

ఏమండీ, గార్లదిన్నె బస్సు వచ్చే వేళైంది, వెళ్తున్నా. సంగటి గిన్నెలో ఉంది, తినండి. వరినారు తేవడానికి మాత్రం ఈరోజు వెళ్లకండి.

నిన్న మనం గీసిన గ్రాఫు పొద్దున చూశాను. అడ్డంగా వరి ఎకరాలు, నిలువుగా వేరుశనగ ఎకరాలు. వరి లేకపోతే మన బోరు ఆరెకరాల వేరుశనగను తడుపుతుంది, అందుకే గీత నిలువు అక్షం మీద ఆరు దగ్గర మొదలైంది. (ఆ ఆరు మీరు రాసింది, భలే ముద్దొస్తోంది.) వరి ఒక ఎకరం పెరిగితే వేరుశనగ రెండెకరాలు తగ్గాలి, గీత వాలు అదే. నీళ్లు చాలేది గీత మీదా, దాని కిందా. నేను కిందే షేడ్ చేశాను. ఎవరో అది చెరిపి పైన షేడ్ చేశారు!

ముందు అత్తమ్మను అనుమానించాను. అడిగితే, "విత్తేముందర సున్నాని చేన్లో పెట్టుకుంటారామ్మా? అపశకునం! అవతలికి తొయ్యమన్నా, మావోడు తోసినాడు" అన్నారు. గ్రాఫు మూలనున్న ఆ సున్నా అంటే వరీ, వేరుశనగా ఏదీ వేయకపోవడం. దానికి నీళ్లు చాలవా? అందుకే అది లోపలే ఉండాలి.

అది మీకూ తెలుసు. రెండెకరాల వరి, నాలుగెకరాల వేరుశనగ వేయాలని మీ అమ్మ శకునం చాటున దాక్కున్నారని నా అనుమానం. రెండు వరి వేస్తే వేరుశనగకు మిగిలేది రెండే. బోరు ఎండితే రెండు పంటలూ పోతాయి.
— పద్మ

తా.క. ఆ వరి నా కోసమేనా? కాలువ ఊళ్లో వరన్నం తిని పెరిగిన పిల్లకు సంగటి సయించదని మీకెవరు చెప్పారు? మొన్న రెండో ముద్ద అడిగింది మొహమాటానికి కాదు.