మ్యాపులో లేని మా వీధి

నాన్నగారికి,

ఉద్యోగం మానేసి వచ్చెయ్యమన్న మీ కార్డు అందింది. నేను బాగున్నాను, కంగారు పడకండి. మా వీధి వెనక చెత్త కాల్చే ఫ్యాక్టరీ పెడతారన్న మాట నిజమే. నిన్న నేను పనిచేసే లైబ్రరీ హాల్లోనే దాని గురించి సభ పెట్టారు. చుట్టుపక్కల ఇళ్లే లేవంటూ ఆఫీసరు మ్యాపు చూపించాడు. మా వీధి ఉన్నచోట ‘ఖాళీ స్థలం’ అని ఉంది. మా ఇంటి ఓనరమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "లేచి చెప్పవే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అంది. నేను లైబ్రరీ సభ్యుల రిజిస్టరు తెరిచి, మా వీధి ఇంటి నంబర్లు ఒక్కొక్కటే చదివాను. ఏ నంబరు చదివితే ఆ ఇంటివాళ్లు "ఉన్నాం!" అంటూ లేచారు. కాసేపటికి ఆఫీసరు, "ఇక చాలమ్మా" అన్నాడు. "ఇంకా ఎదుటి వరస ఉందండీ" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వచ్చే నెల ఇల్లిల్లూ తిరిగి కొత్త మ్యాపు గీస్తారట, అందాకా పని ఆపారు.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నా ఊదారంగు స్వెటరు తమ్ముడు సాగదీసేలోపే పోస్టులో పంపండి. నేను మాత్రం ఇప్పట్లో రాలేను నాన్నా. మ్యాపు గీసేవాళ్లు వచ్చిన రోజు నా గదికి తాళం కనబడితే, మళ్లీ ఖాళీ అని రాసుకుంటారు.

అమ్మ దీవెన, మీ దీవెన నాకెప్పుడూ కావాలి.

మీ పెద్దమ్మాయి