కూర్చున్న చెవులపిల్లి

జనవరి 19, ఆదివారం

ఇందుమూలముగా ఈ పేజీకి మాత్రమే తెలియజేయునది. ఎమ్మెస్సీ జువాలజీ ఫస్ట్ క్లాసులో పాసై, కోరుట్ల ట్యూషన్ సెంటర్లో కప్ప గుండెకు ఎన్ని గదులో చెప్పి బతుకుతున్న నేను, నేటి నుంచి విలువిద్యాచార్యుణ్ణి.

శిష్యులు ముగ్గురు. అక్క బిడ్డ సింధు, పదేళ్లు. అమ్మానాన్నలు సిరిసిల్లలో, చదువు మా ఇంట్లో. పక్కింటి చింటు. వాడి చెల్లెలు — ఆరేళ్లది, బాణాలు ఏరుకురావడం దాని శాఖ.

విద్య: విల్లుతో చెవులపిల్లిని కొట్టడం. పుస్తకంలో కుందేలు అంటారు. ఇంట్లో ఆ మాటంటే బాపు నవ్వుతాడు.

విల్లు బాపుదే. నా కన్నతండ్రి ఆయుధం. ఇప్పుడు ఆయన చేతిలో చాయ్ గ్లాసే నిలవదు. నిన్న దూలం మీది నుంచి దింపించి నా ఒళ్లో పెట్టాడు.

"నాతోనే పోవద్దురా ఇది."

ఎందుకు నేర్పుతున్నావని అడిగేవాళ్లకు జవాబు అదే. వేరేది లేదు.

జనవరి 21

నారి తెగింది. సిరిసిల్ల నుంచి బావ వచ్చాడు. సాంచాల మీద బట్ట నేసే మనిషి, జేబులో ఎప్పుడూ పాలిస్టర్ నూలు. పోగులన్నీ కలిపి పేని, మైనం రాశాడు. లాగి వదిలితే మోగింది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ లాగమన్నాడు. మళ్లీ...

జనవరి 26

జెండా వందనం కాగానే పాఠం. గోనెసంచిలో గడ్డి కుక్కి, తాడు కట్టి చింటు లాక్కుంటూ ఉరుకుతాడు. సింధు సంచిని కొట్టాలి. పదింట్లో ఒకటి తగిలింది, అదీ చింటు చెప్పుకు. బాణం మొనకు గుడ్డ చుట్టాం కాబట్టి గురువు జైలుకు పోలేదు.

బాపు మంచం మీది నుంచి ధర్మశాస్త్రం:

"కూసున్నదాన్ని కొట్టద్దు బిడ్డా. పండుకున్నదాన్ని అసలే కొట్టద్దు. ముంగట సప్పట్లు కొట్టాలె. లేసి ఉరికినంకనే బాణం."

"గట్లయితే తప్పిచ్చుకుంటది గద తాతా?"

"తప్పిచ్చుకోనీ. మరి దానికి కాళ్లెందుకిచ్చిండు దేవుడు?"

ఫిబ్రవరి 2, ఆదివారం

పసుపు తవ్విన చేను, పొద్దుటి పూట. గట్టు పక్క గడ్డిలో చెవులపిల్లి. నిజంది! ముద్దలా ముడుచుకుని, చెవులు వీపుకు అంటించి. కళ్లు మూసుకున్నా తగిలేంత దగ్గర.

సింధు విల్లును చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది.

అది లేచింది. ఈమె బాణం తొడిగేలోగా మా మేడిపల్లి పొలిమేర దాటి ఉంటుంది.

ఇంటికొచ్చి చెబితే బాపు అడిగింది ఒక్కటే. "సప్పట్లు కొట్టిందా?"

"కొట్టింది."

"అయితే అచ్చింది విద్య."

ఫిబ్రవరి 4

ఎవరు కబురు మోశారో... ఫారెస్టాయన బండి మీద దిగాడు. విల్లు పట్టుకుపోయాడు.

"సదువుకున్నోనివి. చట్టం తెల్వదా?"

"తెలుసు సార్. చెవులపిల్లికి నాకన్నా బాగా తెలుసు. ఇంతవరకు ఒక్కటి సుత దొరకలే."

నవ్వలేదు. "ఆటయితే ఆడుకో, వద్దంటలేను. ఆదివారం జగిత్యాలల పిల్లలకు ఆర్చరీ సెలక్షన్లున్నయ్. సెలెక్టయిన కాయితం తే. లేదంటే, ఇంకెవ్వలకు నేర్పనని రాసి సంతకం పెట్టు. రెండిట్ల ఏదైనా సరే, విల్లు ఇచ్చేస్త."

చట్టం తప్పని నేననను. చెవులపిల్లులు తగ్గాయి, నా డిగ్రీ కూడా అదే అంటుంది. కానీ నేర్పనని రాయడమా? అలా రాశాక తిరిగొచ్చే విల్లు దూలం మీద కట్టె. అంతే.

 బాపు ఖాళీ దూలాన్ని చూస్తూ పడుకున్నాడు.

ఫిబ్రవరి 5

మా వాడంతా న్యాయమూర్తులే. ఎదురింటి పెద్దమ్మ తీర్పు: "ఆడివిల్లకు విల్లేందిరా? పుస్తకం వట్టియ్యి."

సింధు అక్కడే ఉంది. "పుస్తకం ఒక చేత్తోని వడ్త పెద్దమ్మా. ఇంకో చెయ్యి ఖాళీగనే ఉన్నది."

నా శిష్యురాలు. ఎవరు నేర్పారో!

ఫిబ్రవరి 9, ఆదివారం

జగిత్యాల. గ్రౌండ్. వాళ్లే ఇచ్చిన విల్లు. ఎదురుగా గడ్డి బోర్డు, మీద రంగురంగుల వలయాలు.

సింధు వంతు. విల్లును చంకలో పెట్టుకుంది. నాకు అర్థమైపోయింది. వద్దు వద్దని దూరం నుంచే చేతులూపాను.

చప్పట్లు కొట్టింది. చూసింది. మళ్లీ కొట్టింది, గట్టిగా. బోర్డు కదల్లేదు.

"కొట్టమ్మా!" అన్నాడు కోచ్.

"అది కూసున్నది సార్."

గ్రౌండంతా నవ్వు. ఉరికి పోయి చెవిలో చెప్పాను — అది బోర్డే, దానికి కాళ్లు లేవే తల్లీ.

"కాళ్లు లేనిదాన్ని కొట్టుడు ఇంకా తప్పు గద మామా?"

 విల్లు కింద పెట్టి వచ్చేసింది. కాగితం రాలేదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "తాత విల్లు నా వల్లనే పోయింది." ఏదో ఒక జోకు వేయాలి. జగిత్యాల నుంచి మేడిపల్లి దాకా ఒక్కటీ రాలేదు.

ఫిబ్రవరి 10

బాపుకు అంతా చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత సింధును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"విల్లు పోతే పోయింది. ఊళ్లె బొంగు లేదా?"

ఫిబ్రవరి 11

తీర్మానం. చెవులపిల్లి జోలికి పోము — ఎవరూ అడక్కుండానే ఇస్తున్న మాట. నేర్పనని మాత్రం రాయను. గోనెసంచిని కొట్టకూడదని ఏ సెక్షనూ లేదు, వెతికాను.

కొత్త విల్లుకు వెదురు బొంగు చీల్చాం. నూలు బావ పంపాడు.

ఫిబ్రవరి 12

వచ్చాడు. ఫారెస్టాయన బండికి బాపు విల్లు కట్టి ఉంది. కాగితం ఆయనే రాసుకొచ్చాడు. పెన్ను నా చేతిలో పెట్టి, టోపీ తీసి, మంచం మీద చాయ్‌తో హాయిగా కూర్చున్నాడు. బాపు నా మొహమే చూస్తున్నాడు.

"పెట్టు మరి. ముసలాయనకు విల్లు కావాల్నా, వద్దా?"

గడపలో సింధు. చంకలో కొత్త విల్లు. చప్పట్లు కొట్టింది.

"ఏందమ్మా?"

"ఏం లేదు సార్. మీరు కూసున్నరు."

ఆయనకు ఏమర్థమైందో... లేచి నిలబడ్డాడు. బాపు నవ్వు అందుకున్నాడు. నేను పెన్ను మూత పెట్టాను. ఆయన సంతకం లేని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బండెక్కి పోయాడు. విల్లూ పోయింది.

పెన్ను మరిచాడు. దీనితోనే రాస్తున్నా. బాగా జారుతోంది.

దీని కోసం మళ్లీ వస్తాడు. రానీ. ఈసారి మంచం వాల్చినా కూర్చోడు.