ఎనిమిది బిళ్లలు ఒకే గుక్కలో

మండల వైద్యాధికారి గారి సముఖమునకు,
గుమ్మళ్లలంక కాపురస్తుడు, మత్స్యకార సంఘం మాజీ కార్యదర్శి, ప్రస్తుతం చేపల చెరువులో మేత వేయువాడు, మోరు రామకోటి (63 సం.) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నర్సు విక్టోరియా గారిపై గత నెల నేనిచ్చిన ఫిర్యాదును రద్దుపరచి, ఆమె బదిలీని ఆపుట గురించి.

1. ఆమె టీ కొట్టు వద్ద పదిమంది ఎదుట నా బిపి బిళ్లల షీటు లాక్కున్నారని సదరు ఫిర్యాదులో వ్రాసితిని. అది నిజమే. అయితే ఆ సమయమున నేను ఆ బిళ్లలను నా స్నేహితుడు వెంకట్రాజుకు పంచుచున్నట్లు వ్రాయలేదు. అతనికి తల తిరుగుచున్నదంటే, నాకు పనిచేసినది అతనికి పనిచేయదా అనుకొంటిని. "మీకు రాసిన బిళ్ల ఆయనకెలా సరిపోద్దండీ? ఆయన కళ్లజోడు మీరు పెట్టుకుంటారా?" అని ఆమె షీటు తిరిగి నా చేతికే ఇచ్చినారు. అందరూ నవ్వినారు. రోషం వచ్చి కాగితం పెట్టితిని.

2. అదే రోషంతో, ఒంట్లో బాగానే ఉన్నది గదా అని, బిపి బిళ్ల, గుండె దడ తగ్గించు బిళ్ల రెండూ మూడు రోజులు మానివేసితిని. నాల్గవనాటి ఉదయం ఛాతీలో ఇంజను పడవ పోవుచున్నట్లు దడ మొదలైనది. భయపడి, మానినవీ ఆ రోజువీ కలిపి ఎనిమిది బిళ్లలు ఒకే గుక్కలో మింగితిని.

3. పిమ్మట పడవెక్కి మేత చల్లబోయితిని. కొంతసేపటికి, వంగినవాడిని గభాలున లేవగా, చెరువు పైకి, ఆకాశం కిందికి వచ్చినవి. మేత బస్తాతో సహా నీళ్లలో పడితిని. చెరువులోని శీలావతి చేపలు యావత్తు నా మీదికి విందుకు వచ్చినవి. గట్టున ఉన్న నా భార్య లక్ష్మమ్మ నీళ్లలోకి దిగి జుట్టు పట్టి లాగినది. నా తలపై జుట్టు మిక్కిలి కొద్ది. అదైనా ఉన్నందుకు సంతోషమని మనవి.

ఆమె వెంటనే ఫోను చేసినది విక్టోరియా గారికే. "నా మీద కాగితం పెట్టినాయనేగా" అని విక్టోరియా గారు అనలేదు. "పడుకోబెట్టండి, లేవనివ్వకండి. ఖాళీ షీట్లు పారెయ్యకండి. వస్తున్నానండీ" అన్నారు. పావుగంటలో స్కూటీ మీద వచ్చి నాడి చూడగా నిమిషానికి నలభై రెండు. అంబులెన్సు పిలిపించి, ఏలూరు ఆసుపత్రి వరకు నా చేయి వదలలేదు. "బాబాయ్‌గారూ, కళ్లు మూయకండి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అన్నారు. ఏమీ తోచక, ఆమెపై నేను వ్రాసిన ఫిర్యాదునే మొదటినుండి చివరి వరకు అప్పజెప్పితిని. ఆమె పగలబడి నవ్వినారు. భాష చాలా బాగుందన్నారు.

4. మూడవనాడు ఇంటికి వచ్చితిని. గాలిలో తేలుచున్నట్లున్నది. ఇది బిళ్లల వలన కాదు, బ్రతికినందువలన. ఇప్పుడు రోజూ ఉదయం ఒకే వేళకు వేసుకొనుచున్నాను. మరచితే, గుర్తుకు వచ్చినప్పుడు ఆ ఒక్క పూటదే; తరువాతి వేళ దగ్గరపడితే దానినీ వదిలివేయుటయే. రెండు పూటలవి కలుపుట లేదు. డాక్టరు గారు చెప్పకుండా మానుట లేదు. మంచం మీద ముందు కూర్చుండి, నిదానముగా లేచుచున్నాను. వెంకట్రాజును కూడ పరీక్ష చేయించినాము. అతనిది అసలు బిపియే కాదు, రక్తహీనత. నా బిళ్లలు ఒక వారం తినియుంటే ఏమయ్యేవాడో తలచుకొనుటకే భయముగా నున్నది.

కావున, తప్పు యావత్తు నాదని రికార్డులో వ్రాయించి, విక్టోరియా గారిని మా లంకలోనే ఉంచవలెనని వేడుకొనుచున్నాను; తొందరలో వ్రాసిన ఈ ముక్కలను మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సంతోషం పట్టలేకున్నవాడు,
మోరు రామకోటి

తా.క.: ఇప్పుడే విక్టోరియా గారు వచ్చి బిపి చూశారండి. నూట ఇరవై ఆరు, ఎనభై! అది వినగానే మా లక్ష్మమ్మ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసిందండి. గట్టు మీద కొంగలన్నీ లేచిపోయాయి. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడకి ఈల వచ్చని నాకు తెలీదండి. ఎప్పుడు నేర్చుకున్నావే అంటే చెప్పదు, ఒకటే నవ్వు.