తాతయ్య జట్టు స్వెట్టర్

వూన్‌సాకెట్,
మే 4, 1998

ప్రియమైన అర్మాండ్ అన్నయ్యకి,

నా కొట్లో ఇప్పుడు పాతకాలం బేస్‌బాల్ జట్ల స్వెట్టర్లే అల్లుతున్నాను. ఎవరో ఒకరు తాతల నాటి ఫోటో పట్టుకొస్తారు. భూతద్దం పెట్టి కాలర్ మడతా, గుండీలూ, రొమ్ము మీది అక్షరమూ చూసుకుని అల్లుతాను. పోయిన వారం మన తాతయ్య ఆడిన జట్టు ఫోటోయే వచ్చింది. ఊరి జట్టుకి తొంభై ఏళ్ళు నిండాయట. జూన్‌లో ఆడే ఆటకి అవే నీలం స్వెట్టర్లు తొమ్మిది కావాలట.

ఆ నీలం ఉన్ని పట్టుకోగానే సూదులు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలెట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా నీ దగ్గర దాచిన మాట ఇది. నాన్న పెట్టెలో భద్రంగా దాచుకున్న తాతయ్య స్వెట్టర్‌ని పాడుచేసింది నేనే. నాన్న పుట్టినరోజుకి ఆయన ముందు పెడదామని తీస్తే, ముందంతా మట్టి కొట్టుకుపోయి ఉంది. మరిగే నీళ్ళలో నానబెట్టాను. తీసేసరికి ఉన్ని కుంచించుకుపోయి బొమ్మకి తొడిగేంత అయింది. నాన్న మనిద్దర్నీ నిలబెట్టి "ఎవరు చేశారు?" అన్నప్పుడు నేను నీ వెనక నక్కాను. నువ్వు "నేనే" అన్నావు. ఆ వేసవంతా నిన్ను మైదానం వైపు పోనివ్వలేదు. జట్టులో నీ చోటు ఇంకొకడికి పోయింది. నాకోసం అంత పోగొట్టుకున్న నీ మొహం చూడలేక తప్పుకు తిరిగాను. ఏటా క్రిస్మస్‌కి ఓ కార్డు పంపి ఊరుకున్నాను.

పదో స్వెట్టర్ నీ కోసం అల్లుతున్నాను. తీసుకుంటావా?

నీ చెల్లెలు,
ఒడీల్


బర్లింగ్‌టన్,
మే 11

పిచ్చి ఒడీల్,

ఆ మట్టి ఎక్కడిదని ఎప్పుడూ అనుకోలేదా? అంతకు ముందు ఆదివారం నాన్న చర్చికి వెళ్ళగానే ఆ స్వెట్టర్ తొడుక్కుని మైదానానికి పోయాను. రెండో బేస్ దగ్గర బురదలో పొట్ట మీద జారి, అలాగే తెచ్చి మడిచి పెట్టెలో పెట్టేశాను. నాన్న చేతులు వెనక్కి పెట్టుకుని అడిగితే, మట్టి సంగతే అనుకుని ఒప్పుకున్నాను. ఆ తర్వాతే ఆయన చేతిలో బొమ్మంతైన స్వెట్టర్ చూపించాడు. అప్పుడు కాదంటే నిన్ను పట్టించినట్టే. పైగా బురద నాదేగా. నా బురద ఉతకబోయి స్వెట్టర్ పాడుచేసుకున్నందుకు నీకు నా మీద కోపమనీ, అందుకే మాట్లాడవనీ ఇన్నేళ్ళూ అనుకున్నాను.

జెర్‌మెయిన్ నీ ఉత్తరం చదివి, "అన్నాచెల్లెళ్ళకి ఇద్దరికీ కలిపి ఒక్క నోరైనా ఉంటే బాగుండేది" అంది. నా పెళ్ళాం మాట నిజమే.

స్వెట్టర్ పోస్టులో పంపకు. ఆట రోజు పొద్దున్నే మేమిద్దరం వస్తాం. పొట్ట దగ్గర కాస్త వదులుగా అల్లు. నీ పక్కన నాకో చోటు ఆపి ఉంచు, ఆ రోజు కబుర్లన్నీ నేనే చెప్తాను.

నీ అన్నయ్య,
అర్మాండ్