పైకెక్కితే నీళ్లు ముట్టకూడదు

మార్చి 3
ఇవాళ్టి నుంచి తమ్ముడు మా సైట్లో రెండో టవర్ క్రేన్ మీద ఆపరేటరు. సిఫార్సు నాదే. పొద్దున నిచ్చెన దగ్గర నిలబెట్టి పాఠం చెప్పాను. రెండువందల నలభై మెట్లు. పైన క్యాబిన్‌లో బాత్రూం ఉండదు. అవసరం వస్తే దిగాలి, దిగి ఎక్కితే అరగంట పోతుంది, ఫోర్‌మన్ నోటికి తాళం ఉండదు. కాబట్టి పొద్దున టీ తర్వాత సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టకూడదు. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే. వాడు బాటిల్ పట్టుకుని ఎక్కబోతే లాక్కున్నాను.

మార్చి 29
వాడికి నడుం పట్టేసింది. కొత్తలో అందరికీ అంతే. నా దగ్గరున్న పెయిన్ కిల్లర్ షీట్ ఇచ్చాను, పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి. ఆయన బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, ఇవి పడతాయా బావగారూ అని మరదలు అడిగింది. పద్నాలుగేళ్లుగా మింగుతున్నాను, నాకేమైంది అన్నాను.

ఏప్రిల్ 30
క్యాబిన్ అద్దం ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

మే 11
తమ్ముడి పాదాలు వాచాయి. బూట్లు పట్టడం లేదు. రోజు మొత్తం మీద మూత్రం రెండు చెంచాలు, అదీ టీ రంగులో అని నవ్వుతూ చెప్పాడు. ఎండకి వేడి చేసిందిలే అన్నాను.

మే 14, ఉదయం 11
పైన వాంతులు చేసుకున్నాడు. ముగ్గురు పట్టి దింపారు. నేను అవతలి క్యాబిన్‌లోంచి చూశాను. నా హుక్‌కి లోడు వేలాడుతోంది, అది దించేదాకా కుర్చీ వదలడానికి లేదు.

మే 14, సాయంత్రం
రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదు. డయాలసిస్ మొదలుపెట్టారు.

మే 16
కిడ్నీ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఏం మాత్రలు, రోజుకెన్ని, నీళ్లెన్ని అని అడిగింది. అంతా చెప్పాను. రాస్తున్నదల్లా ఆపేసింది.

తర్వాత విడమరిచి చెప్పింది. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు ఒక హార్మోన్ వదులుతుందట, నీళ్లు బయటికి పోనివ్వద్దని కిడ్నీకి ఆర్డరు. ఇంకో హార్మోన్ బీపీ పడిపోకుండా రక్తనాళాలను బిగిస్తుంది. ఆ బిగింపులో తనకి రక్తం ఆగిపోకుండా కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు చేసుకుని, తన నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. నొప్పి పుట్టించడంలోనూ వాటి చెయ్యి ఉంది. పెయిన్ కిల్లర్ నొప్పి తగ్గించేది వాటిని తయారు కానివ్వకుండా ఆపడం వల్లే. అప్పుడు కిడ్నీకి దిక్కు లేదు. పైగా వాడి బీపీ మాత్రలో ఒంట్లో నీళ్లు తగ్గించే మందు కూడా ఉందట.

అర్థమైంది. పీక పిసికే చేతులకి అడ్డంగా ఒక చెయ్యి ఉంటే, దాన్ని నేనే తీయించాను. పెద్ద చదువు లేనివాడినైనా మరదలు అడిగినప్పుడు ఎవరినైనా కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. పెద్దరికం అడ్డొచ్చింది.

జూన్ 20
మరదలు ఇప్పటికీ బావగారూ అనే పిలుస్తోంది. తిడితే బాగుండును.

ఆగస్టు 8
మూడు నెలలు చూశారు. వాడి కిడ్నీలు ఇక కోలుకోవు, మార్చాల్సిందే అన్నారు. మరదలి బ్లడ్ గ్రూపు కలవలేదు, నాది కలిసింది. నా కిడ్నీ ఇస్తానన్నాను. ఇన్నాళ్లకి మరదలు నా ముందు ఏడ్చింది. తమ్ముడు మాత్రం, చిన్నప్పటి నుంచీ నీ పాత చొక్కాలే తొడుక్కున్నాను, ఇప్పుడు కిడ్నీ కూడా నీ పాతదేనా అన్నాడు. ముగ్గురం నవ్వాం. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 21
నా టెస్టులు వచ్చాయి. రక్తంలో క్రియాటినిన్ రెండు దాటింది, ఒకటి దగ్గర ఉండాలట. మీ కిడ్నీలు కూడా సగానికి పైగా పోయాయి, మీరు ఇవ్వడానికి వీల్లేదు అంది డాక్టరమ్మ. ఎప్పుడూ నొప్పి రాలేదే అన్నాను. కిడ్నీ నొప్పి పెట్టకుండానే పోతుందట. జన్మలో ఆ మాత్రల జోలికి పోవద్దంది. రోజుకి రెండున్నర లీటర్ల నీళ్లు తాగాలంది. ఇవ్వడానికి మాకు ఇంకెవరూ లేరు.

ఆగస్టు 24
తమ్ముడి ఇంట్లో ఉన్నాను. ఆపరేషన్ తేదీ ఇచ్చారా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. మూత్రం రాక తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయని వాడికి రోజుకి అర లీటరు నీళ్లే, మరదలు గ్లాసుతో కొలిచి పోస్తుంది. పెదాలు పగిలి ఉన్నాయి. నేను బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టి, చప్పుడు కాకుండా పంపు సన్నగా తిప్పి, దోసిలి పట్టి తాగాను.