ఏడు తోడేళ్ళే నయం

నారిన్,
గడ్డి కోతల కాలం

చిరంజీవి తిలెక్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను, నీ చెల్లెలు బాగుంది, మన ఎర్ర గుర్రమూ దాని పిల్లా బాగున్నాయి. తగ్గనిది నా కోపం ఒక్కటే. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను తృప్తిగా తిట్టనివ్వవు. అందుకే నువ్వుండే ఓమ్స్క్‌కే వస్తున్న పక్కింటి డ్రైవరు చేతికి ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను.

పైకప్పు కారుతోందా అని అడిగావు. కారుతోంది, కింద గిన్నె పెట్టాను. చెల్లెలి పన్ను పీకించాం. ఇక నాన్న బాకీ సంగతి. "నాన్నను మట్టిచేసిన జనాజా రోజు అందరి ముందు లేచి మాటిచ్చాను, ఇక్కడ అప్పు చేసైనా కట్టేస్తాను" అని రాశావు. కట్టకు. ఒక్క సోము డబ్బు కట్టినా నేను నీకు అమ్మను కాను. ముందు జరిగింది చదువు.

నాన్న ట్రాక్టరు కోసం పట్నంలో అప్పు తెచ్చిన మాట నిజమే. సగం పైగా తీర్చాడు కూడా. మిగిలింది కట్టడానికి పోతే ఆ ఆఫీసుకు తాళం. ఎవరికి కట్టాలో చెప్పే నాథుడు లేడు. ఇన్నేళ్ళకు, ఆయన పోయాక, ఆ కాగితాలను కారుచౌకగా కొనుక్కున్న వసూలు కంపెనీ ఒకటి లేచింది. ఒక ఆడమనిషి రోజూ ఫోను చేసేది. "బాకీ తీరేదాకా మీ ఆయనకు సమాధిలో నిద్ర పట్టదమ్మా" అనేది. దాని నోట్లో మన్ను పడ! ఆ తర్వాత మన గేటు మీద ఎర్ర రంగుతో "అప్పు ఎగ్గొట్టిన ఇల్లు" అని రాసి పోయారు. పక్కవాడి గడ్డిపరక ముట్టని మనిషి గేటు మీద! కిరసనాయిలు పోసి రుద్దాను. అక్షరాలు పోయాయి గాని ఎరుపు పోలేదు.

మొన్న ఆ కంపెనీ మనిషే కారు దిగాడు. ఎవరనుకున్నావు? మెలిస్! మన ఇంటి ఆడపడుచు కొడుకు, నాన్నను మామయ్యా మామయ్యా అంటూ తిరిగినవాడు. ఏది అడిగినా కాదనకూడని మేనల్లుడు వచ్చే బదులు ఏడు తోడేళ్ళు రావడం నయమని మనవాళ్ళు ఊరికే అనలేదు. గడప తొక్కాడు కాబట్టి టీ పోశాను. తాగాడు. రొట్టె తిన్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"అత్తయ్యా, ఆ గుర్రాన్ని ఇచ్చెయ్యి. మామయ్య బరువు దిగిపోద్ది."

"జనాజాకి వచ్చావు కదరా నువ్వు?"

"రాకుండా ఎట్టా ఉంటా? పాడె కూడా మోశాను."

"మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను తీరుస్తానని నా కొడుకు లేచి అడిగాడా లేదా? అప్పుడు నీ నోట్లో ఏముందిరా? మేం పెట్టిన మాంసం! అది చాలక మీ ఆవిడకని సంచిలో కట్టుకుపోయావు కూడా!"

వాడి ముఖం కందిపోయింది. "అప్పుడు ఆఫీసు తరఫున రాలేదత్తయ్యా, చుట్టంగా వచ్చా."

"మరి ఇప్పుడు నా టీ తాగిందెవరు? చుట్టమా, ఆఫీసా?"

ఊరంతా వినేలా అరిచాను. దాచడమెందుకు, గరిటె కూడా ఎత్తాను. ఊరిపెద్ద జుమాకదిర్ తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు, ఆయన వెనక సగం వీధి వచ్చింది. తాత అంతా విని, "అడిగిన రోజు పలకనివాడు వదులుకున్నట్టేరా. మన ఊళ్ళో అదే లెక్క" అన్నాడు.

"కంపెనీ ఒప్పుకోదు తాతా."

"అయితే ఆ కంపెనీనే తీసుకురా. అది చచ్చిన రోజు దాని తరఫున లేచి అడిగే కొడుకున్నాడో లేడో చూస్తా."

అందరూ నవ్వారు. మెలిస్ నవ్వలేదు. చివరికి తల వంచుకుని, అందరూ వినేలా "వదిలేశాను" అన్నాడు. నేను మాత్రం వాణ్ణి వదల్లేదు. బ్రష్షు చేతికిచ్చి గేటుకు నీలం రంగు వేయించాకే పంపాను. కంపెనీ ఇంకొకణ్ణి పంపితే పంపనీ, గరిటె ఇంట్లోనే ఉంది.

నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. మెలిస్ రాకముందే, బాకీ కట్టేద్దామని, గుర్రాన్ని అమ్ముతానని నేను కసాయికి మాటిచ్చేశాను. సమాధిలో నిద్ర పట్టదన్న ఆ మాట నా కడుపులో దిగబడిపోయింది. అంతకన్నా పాడు పని, నాన్న మీదే మండిపడ్డాను. "నువ్వు హాయిగా పడుకున్నావు, గేటు రుద్దుకోవడానికి నేను మిగిలాను" అని తిట్టి, సమాధి వైపు వెళ్ళడమే మానేశాను. చచ్చిపోయిన మనిషితో నాకు పోట్లాట పెట్టారు తిలెక్, ఆ పాపం వాళ్ళని ఊరికే పోనివ్వదు. నిన్న వెళ్ళి ఆయన దగ్గర కూర్చుని కడుపారా ఏడ్చాను. వస్తూ వస్తూ కసాయితో బేరం లేదని చెప్పేశాను.

ఒక్కటి గుర్తుంచుకో. నేను పోయిన రోజు కూడా లేచి అడగాల్సింది నువ్వే. మెలిస్ తప్పకుండా వస్తాడు, మేనల్లుడు కదా. వాడికి మంచి ముక్కే పెట్టు, ఇంటి పరువు తియ్యకు. కానీ ముందు అడుగు. వాడి ముఖంలోకి చూస్తూ, నోరు ఖాళీగా ఉన్నప్పుడే అడుగు.

ఇట్లు,
ఎవరికీ బాకీ లేని ఇమానాలి భార్య,
మీ అమ్మ
బుర్మా