రేకుల కింద వరిగడ్డి

నువ్వు గనికి వెళ్లి తిరిగి రాక ఇవాళ్టికి ఏడాది.

మన ఇంటికి ఆనించి నువ్వు కట్టిన గదిలో, ఆ వాలు రేకుల కింద, పిల్లలు మొన్నటిదాకా ఎండకు ఉడికిపోయేవారు. కప్పు కింద గడ్డి వేయిద్దామని వడ్రంగిని పిలిస్తే, మీ అన్న వెనక్కి పంపేశాడు.

"ఒంటిగ ఎట్ల ఉంటవ్? ఇల్లు అమ్మి ఊరికి రా" అన్నాడు.

"నీ తమ్ముడు కట్టిన ఇల్లు బావా. నేను ఇడిశిపెట్ట" అన్నాను.

కొంగు దోపుకుని నేనే నిచ్చెన ఎక్కాను. వాసాలకు వెదురు తడకలు కట్టి, వాటికీ రేకులకూ నడుమ వరిగడ్డి దట్టంగా కూరాను. అరచేతులు కోసుకుపోయినా దిగలేదు.

ఈ మధ్యాహ్నం పిల్లలు హాయిగా నిద్రపోయారు. మీ అన్న ఆ గదిలో కాసేపు కూర్చుని, "మా ఇంట్ల గూడ గిట్ల కడ్తవా?" అని అడిగాడు.

"కడ్త బావా. పొద్దుగూకేసరికి మాత్రం నా ఇంటికి నేనొస్త."